చచ్చింది రాజు, నేరం రాణిది

రాజులు ఎందుకు చచ్చారో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా చరిత్రలో ఎక్కడినుంచో ఒక ఆడమనిషి వచ్చి నిలబడుతుంది. విషం పెట్టిందనో, మొగుణ్ణి కొంగున కట్టుకుందనో, కొడుక్కి గద్దె కావాలని కుట్ర పన్నిందనో రాస్తారు. రోమ్ మొదటి చక్రవర్తుల కథ చదువుతుంటే నాకు మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఊళ్లే గుర్తుకొస్తాయి. ఎందుకో చెబుతాను.

మొదటి చక్రవర్తి ఆగస్టస్‌కు కొడుకుల్లేరు. ఉన్న ఒక్క కూతురు జూలియాను వారసుడి కోసం మూడుసార్లు పెళ్లి చేశాడు. మొదట మేనల్లుడికి, తర్వాత సేనాధిపతికి, ఆ తర్వాత భార్య లివియా మొదటి పెళ్లి కొడుకు టిబేరియస్‌కు. రాజ్యం ఎవరికి పోవాలో కూతురి కడుపు తేల్చాలి. కానీ ఆ కూతురు రాజ్యానికి రాకూడదు. ఆమె తన ఇష్టప్రకారం బతకబోతే క్రీస్తుపూర్వం 2లో సొంత తండ్రే దీవికి వెళ్లగొట్టాడు. క్రీ.శ. 14లో ఆగస్టస్ పోయాడు. అప్పటికి డెబ్బయి ఆరేళ్లు నిండవస్తున్న ముసలాయన. అయినా రెండు వందల ఏళ్ల తర్వాత డియో కాసియస్ రాసిన చరిత్రలో లివియా అంజూరపు పండ్లకు విషం పూసిందన్న మాట చేరింది.

తర్వాత వచ్చినవాళ్ల సంగతి చూడండి. 41లో కాలిగులాను సొంత అంగరక్షకులే పొడిచి చంపారు. గద్దెకు ఏ సంబంధమూ లేని చంటి కూతుర్నీ, భార్యనూ కూడా చంపారు. 54లో క్లాడియస్ పోతే భార్య అగ్రిప్పినా పుట్టగొడుగుల్లో విషం పెట్టిందన్నారు. ఆమె కొడుకు నీరో 59లో తల్లిని చంపించాడు, 62లో భార్య ఆక్టేవియాను చంపించాడు. 68లో తనే ప్రాణం తీసుకున్నాడు. మరుసటి సంవత్సరం ఒక్క ఏడాదిలో నలుగురు చక్రవర్తులు.

ఆడవాళ్లంతా అమాయకులని నేను అనడం లేదు. అగ్రిప్పినా ఆ పని చేసి ఉండొచ్చు కూడా. కానీ తన పేరున కూర్చునే హక్కు లేని మనిషికి మొగుడి ద్వారానో కొడుకు ద్వారానో తప్ప అధికారం అందదు. అలాంటి ఏర్పాటు చేసిపెట్టి, ఆ దొడ్డిదారిన ఆమె నడిస్తే కుట్రదారు అంటారు. దారి మూసినవాళ్లను మాత్రం ఎవరూ ఏమీ అనరు.

ఇదంతా ఎక్కడో రోమ్ గొడవ అనుకోకండి. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో ఆగస్టస్, టిబేరియస్‌ల వెండి నాణేలు 1,531 దొరికాయి. మన దేశంలో ఎక్కువగా దొరికే టిబేరియస్ నాణెం మీద ఒకవైపు చక్రవర్తి తల, రెండోవైపు కూర్చున్న ఒక ఆడమనిషి ఉంటుంది. ఆమె లివియాయే అని చాలామంది పండితుల అభిప్రాయం. నాణెం మీద మాత్రం ఆమె పేరు లేదు. ఆ బొమ్మ చుట్టూ రాసింది కూడా చక్రవర్తి బిరుదే. ఆ వెండి మన దేశానికి మిరియాల కోసం, ముత్యాల కోసం, బట్టల కోసం వచ్చింది. ఇండియా, చైనా, అరేబియాలకు ఏటా పది కోట్ల సెస్టర్సులు పోతున్నాయని లెక్క కట్టిన ప్లినీ, ఆ ఖర్చును విలాసాల మీద, ఆడవాళ్ల మీద వేశాడు. చావుకీ ఆడదే కారణం, అప్పుకీ ఆడదే కారణం!

ఇక మన గడ్డ సంగతి. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డ కోసం బహమనీ సుల్తానులు, విజయనగర రాజులు తరాల తరబడి కొట్టుకున్నారు. 1378లో ముజాహిద్ షాను పినతండ్రి దావూద్ చంపించాడు. కొద్ది రోజులకే దావూద్‌ను మసీదులో చంపారు. దాని వెనక ఉన్నది ముజాహిద్ అక్కచెల్లెలు రూహ్‌పర్వర్ ఆగా. అంత పని చేయించగలిగిన ఆమె కూడా గద్దె మీద తను కూర్చోలేదు, ఇంకో మగవాణ్ణి కూర్చోబెట్టింది. వనపర్తి జిల్లాలోని పానగల్ కోట దగ్గర ఓడిపోయిన ఫిరోజ్ షాను 1422లో తమ్ముడు అహ్మద్ దింపేశాడు. కొద్ది రోజులకే ఫిరోజ్ పోయాడు. ఆయన కాలంలో 1406లో జరిగిన యుద్ధానికి కారణం ముద్గల్‌లో ఒక కంసాలి కూతురి అందమని రెండు వందల ఏళ్ల తర్వాత ఫెరిష్తా రాశాడు. నడిగడ్డ నేల కోసం, కోటల కోసం, పన్నుల కోసం చేసిన యుద్ధాన్ని ఒక ఆడపిల్ల నెత్తిన వేయడం ఎంత తేలిక!

గద్వాల సంస్థానాన్ని 1924 నుంచి 1949లో విలీనమయ్యేదాకా మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ నడిపింది. అదీ భర్త సీతారామ భూపాలుడు చనిపోయాకే. భర్త పోతే తప్ప మహారాణికైనా చేతికి అధికారం రాదన్నమాట.

రాణులకే అలా ఉంటే మామూలు ఆడవాళ్ల మాటేమిటి? ఈ మూడు జిల్లాల్లో సంఘం పనిమీద తిరుగుతుంటే నాకు వినిపించే మాట ఒకటే. అప్పుల బాధకో, కరెంటు షాకుకో, వలస పోయినచోట గోడ కూలో మనిషి పోతే, మూడో రోజుకల్లా ‘మొగుణ్ణి మింగింది’ అంటారు. దాని కాలు మంచిది కాదంటారు. ఆ మాట వట్టి మూఢనమ్మకమని కొట్టిపారేస్తే పొరపాటు. దాని వెనక ఎకరాల లెక్క ఉంది. నింద మోస్తున్న మనిషి వాటా అడగలేదు. దినాలు కాకముందే పెద్దమనుషుల మధ్య తెల్లకాగితం మీద వేలిముద్ర పెట్టేస్తుంది. లివియా మీద వేసిన నిందకూ దీనికీ తేడా నాకైతే కనిపించదు.

చట్టం లేక కాదు. 1956 వారసత్వ చట్టం ప్రకారం హిందూ మగవాడు వీలునామా రాయకుండా పోతే అతని ఆస్తిలో భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు హక్కునిచ్చే సవరణను మన రాష్ట్రం 1986లోనే తెచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. తండ్రి ఎప్పుడు పోయినా కూతురి హక్కు పుట్టుకతోనే ఉందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ మన ఊళ్లలో పసుపు కుంకుమల కింద ఇచ్చేశాం కదా అన్న ఒక్క మాటతో ఇవన్నీ కొట్టుకుపోతున్నాయి. 2018లో వచ్చిన రైతు బీమా అయిదు లక్షలు కూడా పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్లు పోతేనే. భూమి మామ పేరున ఉంటే, దాన్ని దున్ని పోయిన కొడుకు భార్యకు ఏమీ రాదు.

అందుకే నేననేది, మనం పరామర్శకు వెళ్లి ఓదార్చి వచ్చేస్తే సరిపోదు. దినాలు అయ్యేదాకా ఏ కాగితం మీదా వేలిముద్ర వేయొద్దని ఆ ఇంట్లో చెప్పి రావాలి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో భార్య, తల్లి, కూతుళ్ల పేర్లన్నీ ఉన్నాయో లేదో మనం చూడాలి. విరాసత్ దరఖాస్తుకు ఆమెతోపాటు తహశీల్దారు ఆఫీసుకు నడవాలి. బతికుండగానే పట్టాలో ఆడవాళ్ల పేర్లు ఎక్కించే మాట ప్రతి సంఘం మీటింగులో తేవాలి. ఇక ‘మింగింది’ అన్న మాట ఎవరి నోట విన్నా అక్కడే ఆపి అడగాలి: భూమి ఎంత, అది ఎవరి పేరున ఉంది అని.