వాక్యం కంచం దగ్గరికి రావాలి

బైబిలు చదవడం వేరు, చదివినట్టు బతకడం వేరు. ఈ మాట ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. అయితే చదివినట్టు బతకడమంటే ఏమిటి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగితే ప్రార్థన, ఉపవాసం, ఆదివారం ఆరాధన అనే జవాబులే వినిపిస్తాయి. అవన్నీ మంచివే. మన హాస్టల్లో ఉంటూ వాక్యం చదువుకునే కొందరం, ఇక్కడ చదువుకుని ఉద్యోగాల్లోకి వెళ్లిన కొందరం కలిసి ఆలోచించినప్పుడు మాత్రం మాకు మరో జవాబు తోచింది. వాక్యం మొదట మన కంచం దగ్గరికి రావాలి. అక్కడికి రాని వాక్యం మన బతుకులో ఇంకెక్కడికీ రాదు.

ఇదేమిటి, ఆత్మ సంగతి వదిలేసి తిండి గురించి రాస్తున్నారు అని కొందరు అనుకోవచ్చు. ఒకసారి సువార్తలు తెరిచి చూడండి. యేసు ప్రభువు మీద పరిసయ్యులు మోపిన నేరాల్లో ఒకటి, ఆయన సుంకరులతోనూ పాపులని ముద్రపడినవాళ్లతోనూ కలిసి భోంచేస్తున్నాడని. ఆయన ఎవరి పక్కన కూర్చుని తింటున్నాడన్నదే వాళ్లకు కంటగింపు అయింది. మన పెద్దలకు కూడా అవమానం జరిగింది తిండి దగ్గర, నీళ్ల దగ్గరే కదా. హోటల్లో వేరే గ్లాసు, పెళ్లిలో దూరంగా వేసిన విస్తరి, ఎవరో పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగిన బావి నీళ్లు. 1927లో డాక్టర్ అంబేద్కర్ గారు మహద్‌లో అంతమందిని వెంటబెట్టుకుని చెరువు దగ్గరికి నడిచింది ఆ నీళ్లు తాగే హక్కు కోసమే. కాబట్టి కంచం మనకు చిన్న విషయం కాదు. మనిషిని మనిషిగా చూస్తున్నామా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది.

నిర్గమకాండం 16వ అధ్యాయంలో మన్నా సంగతి ఉంది. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఆకాశం నుంచి ఆహారం ఇచ్చాడు. తలకు ఒక ఓమెరు కొలత. ఎక్కువ ఏరుకున్నవాడికి మిగల్లేదు, తక్కువ ఏరుకున్నవాడికి కొదవ రాలేదు. రేపటికని దాచుకున్నది పురుగుపట్టి కంపు కొట్టింది. సండే స్కూల్లో దీన్ని అద్భుతంగా చెబుతారు. హాస్టల్ విద్యార్థులకు ఇది లెక్కల పాఠం కూడా. తెలంగాణలో 2024 నవంబరు నుంచి పెంచిన డైట్ చార్జీల ప్రకారం 8 నుంచి 10వ తరగతి విద్యార్థికి నెలకు 1,540 రూపాయలు. అంతకుముందు అది 1,100 రూపాయలే. పెంచిన తర్వాత లెక్కేసినా రోజుకు 51 రూపాయల చిల్లర. తలకు ఒక గుడ్డు చొప్పున ఉడికిన రోజున వరుస మొదట్లో ఒకరు రెండు తీసుకుంటే, వరుస చివర ఒకరి కంచంలో గుడ్డు ఉండదు. దీనికి పెద్ద వేదాంతం అక్కర్లేదు. మన్నా కథను నమ్మే విద్యార్థి రెండో గుడ్డు మీద చెయ్యి వెయ్యడు.

రెండోది కొరింథు సంఘం సంగతి. పౌలు రాసిన మొదటి కొరింథీయుల పత్రిక 11వ అధ్యాయం మనం ఎక్కువగా ప్రభువు బల్ల రోజున వింటాం. అయితే పౌలు ఆ మాటలు ఎందుకు రాయాల్సి వచ్చిందో అంతగా పట్టించుకోం. అక్కడ విశ్వాసులందరూ కలిసి భోజనానికి కూడేవారు. ఉన్నవాళ్లు తమ తిండి తాము ముందుగా తినేసేవాళ్లు. లేనివాళ్లు ఆకలితో సిగ్గుపడి కూర్చునేవాళ్లు. ఇలా తినేది ప్రభువు భోజనమే కాదని పౌలు తేల్చి చెప్పాడు. భోజనానికి కూడినప్పుడు తోటివారు వచ్చేదాకా ఆగమన్నదే ఆయన చెప్పిన పరిష్కారం.

ఇది మన హాస్టళ్లకు రాసిన ఉత్తరంలా లేదూ? సీనియర్లు ముందు, చిన్నవాళ్లు తర్వాత అనే అలవాటు చాలా హాస్టళ్లలో ఎప్పటినుంచో ఉంది. గరిటె అడుగుదాకా ముంచి పప్పు వేయించుకునేది పెద్ద తరగతులవాళ్లు. తేట నీళ్లు మిగిలేది చిన్న తరగతులవాళ్లకు. మేమూ చిన్నప్పుడు అలాగే తిన్నాం, ఇప్పుడు మా వంతు అనేది దీనికి చెప్పే సమాధానం. వాక్యం ఒప్పుకోనిది సరిగ్గా ఈ సమాధానాన్నే. మనకు జరిగింది అన్యాయమని తెలిసినవాడు దాన్ని ఇంకొకడికి అందించకూడదు. ప్రార్థన నడిపించే పదో తరగతి అన్న, ఇల్లు వదిలి వచ్చి రాత్రిళ్లు దుప్పట్లో ఏడ్చే ఐదో తరగతి తమ్ముడి వెనక కంచం పట్టుకుని నిలబడితే, ఆ తమ్ముడికి అంతకుమించిన ప్రసంగం వేరే ఏముంటుంది?

మూడో సంగతి కాస్త నొప్పిగా ఉంటుంది. అయినా ఈ సంచికలో రాయకపోతే ఇంకెక్కడ రాస్తాం? గలతీయుల పత్రిక 2వ అధ్యాయంలో అంతియొకయ పట్టణంలో జరిగిన గొడవ ఉంది. పేతురు అక్కడ అన్యజనులతో కలిసి తింటూ ఉండేవాడు. యెరూషలేము నుంచి కొందరు వచ్చేసరికి, వాళ్లేమనుకుంటారోనని భయపడి మెల్లగా పక్కకు తప్పుకున్నాడు. ఆయన్ని చూసి మిగతావాళ్లు, చివరికి బర్నబా కూడా అలాగే చేశాడు. పౌలు అందరి ముందే పేతురును నిలదీశాడు. అంత పెద్ద అపొస్తలుణ్ణి నిలదీసింది ఒక బంతిలోంచి లేచిపోయినందుకు.

ఒకే బైబిలు, ఒకే పాటల పుస్తకం. అయినా మన ఊళ్లలో మాలపల్లెకు ఒక చర్చి, మాదిగపల్లెకు ఒక చర్చి ఉండటం మనకు తెలియని సంగతి కాదు. సమాధుల తోటలు వేరు, పెళ్లి సంబంధాలు వేరు. ఆ గీత హాస్టల్ గదుల్లోకీ, భోజనాల వరుసలోకీ వచ్చినప్పుడు వాక్యం చదివేవాళ్లు ఊరుకోకూడదు. వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక వాదనలు ఇంకా పెరిగాయి. వాదించుకోవడం తప్పని మేము అనం. ఎవరికి ఎంత న్యాయం దక్కిందన్నది లెక్కలతో తేల్చుకోవాల్సిన విషయమే. కానీ వాదన అయిపోయాక కంచాలు వేరైపోతే మాత్రం మనం అంతియొకయలో పేతురు లేచి వెళ్లిన దారినే వెళుతున్నట్టు.

మన ప్రాంత చరిత్ర కూడా ఇదే చెబుతోంది. ఒంగోలు మిషన్‌లో 1866లో బాప్తిస్మం తీసుకున్న యెర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు. ఆయన వెనక ఆయన జనం రావడం మొదలుపెట్టారు. వాళ్లను చేర్చుకుంటే మేము రామని పై కులాలవాళ్లు పట్టుబట్టారు. మిషనరీ జాన్ క్లౌ దంపతులకు ఏం చెయ్యాలో తోచలేదు. ఆ సమయంలో ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే, ఇద్దరికీ మొదటి కొరింథీయుల పత్రిక 1వ అధ్యాయంలోని ఒకే భాగం ఎదురైందని క్లౌ తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నారు. లోకం పనికిరారని తోసేసినవాళ్లనే దేవుడు ఏరుకున్నాడని చెప్పే భాగం అది. దాంతో వాళ్లు మాదిగలనే చేర్చుకున్నారు. తర్వాత 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో వేలమందికి పని చూపించారు. కూలి కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. కరువు పని ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ దంపతులు చదివిన వాక్యం చదివినచోటే ఆగిపోయి ఉంటే మన తాతముత్తాతల్లో ఎంతోమందికి బడి గుమ్మం కూడా తెలిసేది కాదు. బంతిలో చోటు దొరికినవాళ్ల మనవలు ఇంకొకరికి చోటు లేదనడం ఏం న్యాయం?

మన హాస్టల్లో అందరూ క్రైస్తవులు కారు. వినాయక చవితికీ, దసరాకూ స్నేహితులు ప్రసాదం తెచ్చిపెడతారు. తినవచ్చా తినకూడదా అని చిన్న తరగతులవాళ్లు ప్రతి ఏడాదీ అడుగుతారు. ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. కొరింథులో, రోమాలో ఇలాంటి ప్రశ్నలే వచ్చాయి. పౌలు దీని మీద చాలా రాశాడు. మనస్సాక్షి ఒప్పుకోనిది తినవద్దన్నాడు. అదే సమయంలో తిండి పేరుతో ఒకరినొకరు తీసిపారెయ్యవద్దని రోమా పత్రిక 14వ అధ్యాయంలో గట్టిగా చెప్పాడు. మాలో కొందరం తీసుకుంటాం, కొందరం తీసుకోం. తీసుకోనివాళ్లు నవ్వుతూ వద్దురా అని చెప్పి, ఆ స్నేహితుడి పక్కనే కూర్చోవచ్చు. అతని దేవుణ్ణి వెక్కిరించి మన దేవుణ్ణి గొప్ప చెయ్యలేం. వాళ్లు మన నోటి నుంచి వాక్యం వినకపోయినా పర్వాలేదు. మన పక్కన కూర్చుంటే తమ వాటా తమకు దక్కుతుందని తెలిస్తే చాలు.

ఇక్కడ ఒక స్నేహితుడు న్యాయమైన ప్రశ్న వేశాడు. "బియ్యంలో రాళ్లు, నీళ్ల మజ్జిగ, రాని కాస్మెటిక్ చార్జీలు. వీటి గురించి అడగాల్సింది పోయి, ఉన్నదాంట్లో సర్దుకోండని విద్యార్థులకు నీతులు చెబితే ఎవరికి లాభం?" అని. అడగవద్దని వాక్యం ఎక్కడా చెప్పలేదు. అపొస్తలుల కార్యాలు 6వ అధ్యాయం చదవండి. మొదటి సంఘంలో రోజూ జరిగే వడ్డనలో గ్రీకు మాట్లాడే విధవరాళ్లకు సరిగా అందడం లేదని ఫిర్యాదు వచ్చింది. ఫిర్యాదు చేసినవాళ్లను అపొస్తలులు సణిగేవాళ్లని తిట్టలేదు, నోరు మూసుకొమ్మనలేదు. మంచిపేరున్న ఏడుగురిని ఎన్నుకొని ఆ పని అప్పగించమన్నారు. అంటే అది మన మెస్ కమిటీ లాంటిదే! ఆ ఏడుగురిలో ఒకడైన స్తెఫను తర్వాత క్రీస్తు కోసం ప్రాణమిచ్చిన మొదటి హతసాక్షి అయ్యాడు. కాబట్టి మెస్ కమిటీలో పేరు రాయించుకుని, స్టోర్ రూములో బియ్యం తూకం దగ్గర నిలబడి, రిజిస్టర్‌లో ఉన్నదీ గిన్నెలో ఉన్నదీ ఒకటేనా అని చూసేవాడు వాక్యం పనే చేస్తున్నాడు. తేడా వస్తే వార్డెన్ గారిని మర్యాదగా అడగాలి. జవాబు రాకపోతే పై అధికారులకు అర్జీ రాయాలి. మనలో మనం పంచుకోవడం, మనకు రావాల్సింది అడగడం, రెండూ ఒకే వాక్యంలోంచి పుట్టినవే.

అలా అడిగేటప్పుడు వంటామెనూ, కామాటీనీ మరచిపోకూడదు. పనివాడి కూలి ఆపితే ఆ కూలే దేవుడి చెవిలో మొరపెడుతుందని యాకోబు పత్రిక 5వ అధ్యాయం చెబుతుంది. కూర బాగాలేదని వంటామె మీద అరిచే ముందు, ఆమెకు జీతం అందిందో లేదో కనుక్కోవాలి. అమ్మ వయసు ఆమెను ఏకవచనంతో పిలిచే నోటితో స్తోత్రం చెబితే అది పైకి వెళ్లదు.

ఇక ఇక్కడ చదివి వెళ్లిన అన్నలకూ అక్కలకూ ఒక మాట. బ్యాంకుల్లో, బడుల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో, గల్ఫ్‌లో, అమెరికాలో మనవాళ్లు ఉన్నారు. మనకు గర్వంగా ఉంది. కంచం అక్కడ కూడా ఉంటుంది. ఇంట్లో పనిచేసే మనిషికి విడిగా గ్లాసు పెట్టిన ఇల్లు, ఆ ఇంట్లో ఎన్ని వాక్యాల పటాలు గోడకు వేలాడుతున్నా, మన తాత బయట నిలబడిన ఇల్లే. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు స్టేజీ మీద శాలువా కప్పించుకోండి, సంతోషం. ఆ తర్వాత ఆఫీసు గదిలో వేరే భోజనం కాకుండా, వరుసలో నిలబడి పిల్లల పక్కన కూర్చుని అదే అన్నం తినండి. అన్నం ఎలా ఉందో మీకే తెలుస్తుంది. మీలాంటి మనిషి తన పక్కన కూర్చుని తిన్నాడన్నది ఆ పిల్లవాడికి ఎప్పటికీ గుర్తుండిపోతుంది.

కొండమీది ప్రసంగం చివర ప్రభువు రెండు ఇళ్ల గురించి చెప్పాడు. వాక్యం విని దాని ప్రకారం చేసినవాడిది బండ మీద ఇల్లు, విని ఊరుకున్నవాడిది ఇసుక మీద ఇల్లు. ఇద్దరూ విన్నవాళ్లే. తేడా చెయ్యడంలోనే ఉంది. అందుకే మేము కొన్ని చిన్న పనులు అనుకున్నాం. వరుసలో చిన్న తరగతులు ముందు, పెద్ద తరగతులు వెనక. తలకు ఒకటి అన్నది తలకు ఒకటే. జ్వరంతో పడుకున్నవాడి కంచం వాడి మంచం దగ్గరికి ముందే వెళ్లాలి. పల్లె పేరు, పేట పేరు అడిగి ఎవరూ చోటు మార్చుకోకూడదు. మెస్ కమిటీకి మంచిపేరున్నవాళ్లను ఎన్నుకుని, వాళ్ల వెనక నిలబడాలి. వీటిని ఒప్పుకోవడానికి క్రైస్తవులే కానక్కర్లేదు. క్రైస్తవులమని చెప్పుకునేవాళ్లకు మాత్రం ఒప్పుకోకుండా ఉండే వీల్లేదు. ఈ సంచిక మీ చేతికి అందిన రోజు రాత్రి భోజనం గంట కొట్టగానే మొదలుపెడదాం, రండి.