కెమెరా కొనేటప్పుడు జేబులో నాలుగు నువ్వు గింజలు వేసుకొని పోండి



"అన్నా, తక్కువ ధరల మంచి చిన్న కెమెరా ఏదైనా ఉంటే చెప్పు" అని ఈ మధ్య మహబూబాబాద్ నుంచి, భూపాలపల్లి నుంచి వరుసగా ఫోన్లు వస్తున్నయి. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు చాలామంది సొంతంగా వీడియోలు తీస్తున్నారు, సంతోషం. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు నా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నా. నేను కెమెరాల నిపుణుణ్ని కాదు. వ్యవసాయ డిప్లొమా చదివి, జనగామ దగ్గర సాగు చేసుకుంటూ, పండించిన పప్పులు, కారం అమ్ముకునే రైతును. కానీ సరిగా కనబడని వీడియో వల్ల ఏం నష్టమో నాకు బాగా తెలుసు.

2021 చలికాలం గుర్తుందా? మిరప పూలల్ల నల్ల తామర పురుగు చేరి మన దిక్కు తోటలకు తోటలే దెబ్బతిన్నయి. అప్పుడు నా పాత ఫోన్‌తో ఒక పువ్వును దగ్గరగా తీసి, "ఇదిగో పురుగు" అని వీడియో పెట్టిన. ఆ పురుగు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటది. నా వీడియోలో తెల్లటి రేకులు, నాలుగు మసక చుక్కలు తప్ప ఏమీ లేవు. భూపాలపల్లి దిక్కు రైతు ఒకాయన అది చూసి, తన పూలల్ల ఉన్నది అట్ల కనబడుతలేదు కాబట్టి వేరే మామూలు పురుగే అనుకొని పదిహేను రోజులు ఊకున్నడు. ఆలోపు పూత రాలిపోయింది. "తమ్మీ, నీ వీడియో చూసే ఆగిన" అన్నడు. తిట్టలేదు. తిడితేనే బాగుండేది. ముందే గుర్తుపడితే తోట మొత్తం నిలిచేదని నేను అనను. కనీసం నీలి జిగురు అట్టలు పెట్టుకునేటోడు, నాలాంటి ఇంకో నలుగురిని అడిగేటోడు.

అప్పటి నుంచి నా లెక్క ఒకటే. మన కెమెరా ముందుగా చూపెట్టాల్సింది ఆకు వెనక ఏముందో. మన ముఖం ఆ తర్వాత. ఈ లెక్కన చూస్తే షాపులో చెప్పే గొప్పలు సగం మనకు అక్కరకు రావు.

ముందుగా మెగాపిక్సెళ్లు. ఫుల్ హెచ్‌డీ వీడియోలో ఒక్కో బొమ్మ సుమారు 2 మెగాపిక్సెళ్లే. 4కే అయినా 8 మెగాపిక్సెళ్లే. 16 ఉన్నా, 20 ఉన్నా వీడియోకు పెద్ద తేడా రాదు. ఆ అంకె చూసి ఎక్కువ పైసలు పెట్టకండి.

రెండోది జూమ్. 40 రెట్ల జూమ్ గట్టు మీద కొంగను తీయటానికి పనికొస్తది. పురుగును తీయటానికి కెమెరా ఎంత దగ్గర నుంచి ఫోకస్ అవుతదో అది ముఖ్యం. నువ్వు గింజలు ఇందుకే. షాపులో ఒక గింజను అరచేతిలో పెట్టుకోండి. జూమ్ మొత్తం వెనక్కి తెచ్చి, పువ్వు బొమ్మ ఉన్న మ్యాక్రో మోడ్‌లో వీడియో తీయండి. కెమెరా వెనక ఉన్న చిన్న తెరలో అన్నీ బాగానే కనబడతయి, నమ్మొద్దు. కంప్యూటర్‌లో పెట్టించి చూడండి. గింజ అంచు స్పష్టంగా ఉంటేనే బేరం మొదలుపెట్టండి. తామర పురుగు నువ్వు గింజలో మూడో వంతు ఉంటదని మర్చిపోవద్దు.

మూడోది మాట. చేనుల గాలికి కెమెరా లోపలి మైక్‌లో బుస్సుమనే చప్పుడే వస్తది. బయటి మైక్ పిన్ను పెట్టే చోటు ఉందా చూడండి. ఒకే వరుస కెమెరాల్లో కూడా తేడాలుంటయి. కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 2లో అది లేదు, మార్క్ 3లో ఉంది. ఒలింపస్ టీజీ-6 సెంటీమీటరు దూరం నుంచే ఫోకస్ అవుతది, నీళ్లకు, దుమ్ముకు తట్టుకుంటది, కానీ మైక్ పెట్టే చోటు లేదు. ఇవన్నీ కొత్తవి కొంటే మన చేతికి అందే ధరలు కావు. నేను తొమ్మిది వేలకు పాత కాంపాక్ట్ కెమెరా కొన్న. దానికీ మైక్ పెట్టే చోటు లేదు. కాలర్ మైక్‌ను ఫోన్‌కు పెట్టి మాట విడిగా రికార్డు చేస్తా. మొదట్ల ఒక చప్పట్లు కొడితే తర్వాత బొమ్మను, మాటను కలపటం సులువు.

చిన్న కెమెరాలు కొత్తవి ఇప్పుడు తక్కువే వస్తున్నయి. 2010లో ప్రపంచమంతా కలిపి పది కోట్లకు పైగా పోతే, 2023లో ఇరవై లక్షలు కూడా పోలేదు. అందుకే సెకండ్ హ్యాండ్ తప్పదు. కొనేటప్పుడు లెన్సును పదిసార్లు బయటికి, లోపలికి నడిపించి చూడండి. తెల్ల గోడను ఫొటో తీస్తే లోపలి దుమ్ము మచ్చలు బయటపడతయి. బ్యాటరీ ఉబ్బిందా చూసి, ఇంకో బ్యాటరీ ఖర్చు కూడా కలిపి లెక్కేసుకోండి.

"ఫోన్ చాలదా?" అంటే, నువ్వు గింజ పరీక్షలో మీ ఫోన్ నెగ్గితే చాలు. కెమెరా కొనకుండా ఆ పైసలతో మంచి మైక్ కొనండి. నెగ్గకపోతే అయిదుగురు రైతులు కలిసి ఒక కెమెరా కొనుక్కోండి. అప్పు చేసి మాత్రం కొనకండి. వీడియోలతో అప్పు తీరుతదని ఎవరన్నా చెప్తే నవ్వి ఊకోండి.

చివరగా ఒక మాట. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చినంక, జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో ఉన్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా రైతులు కెమెరాలు పట్టుకొని మన ఉమ్మడి వరంగల్ జిల్లాకు వచ్చిండ్రు. విత్తనం నుంచి పత్తి ఏరేదాకా అవే చేన్లకు మళ్లీ మళ్లీ పోయి తీసిండ్రు. బీటీ పత్తి మీద వరంగల్ రైతులకు ఎందుకు కోపమొచ్చిందో చెప్పే ఆ సినిమా 2003లో వచ్చింది. దానికి బలం పంట కాలమంతా ఆ చేన్లను విడవకపోవటంలోనే ఉంది.

మన జనగామ జిల్లా ఏనబావి 2006లోనే రసాయనాలు లేని ఊరిగా ప్రకటించుకుంది. దాన్ని చూడటానికి జనం బస్సులెక్కి వచ్చిండ్రు. ఇప్పుడు మన చేను చూసేటోళ్లు చాలామంది ఫోన్‌లోనే చూస్తున్నరు. వాళ్లకు కోత రోజు పచ్చటి గింజలు ఒక్కటే చూపెడితే సగం అబద్ధం చెప్పినట్టే. కెమెరా ఏదైనా సరే, ఒకే సాలును వారానికోసారి తీయండి. తేదీ చెప్పండి. జీవామృతం ఎప్పుడు పోసిండ్రో చెప్పండి. పంట ఎండితే అది కూడా పెట్టండి.

నువ్వు గింజ పరీక్ష ఎట్ల చేయాలో ఈ వారం వీడియోలో చేసి చూపెట్టిన. అది చూసినంకనే షాపుకు పోండి.