తాళాల గుత్తి కాదు, గడియారం చూడండి

ఉదయం ప్రార్థన జరుగుతోంది. వరుసలో మీకు రెండడుగుల ముందు నిలబడ్డ కుర్రవాడు ఉన్నట్టుండి ఒక వింత కేక పెట్టి, కొయ్యలా బిగుసుకుపోయి కింద పడ్డాడు. కనుగుడ్లు పైకి తిరిగాయి. కాళ్ళూ చేతులూ టపటపా కొట్టుకుంటున్నాయి. నోటి వెంట నురగ వస్తోంది. వరుసలన్నీ చెదిరిపోయాయి. "మూర్ఛరా! తాళాలు తెండిరా, తాళాలు!" అని ఎవరో అరిచారు. ప్యూను పరుగెత్తుకొచ్చి ఆఫీసు గది తాళాల గుత్తిని ఆ కుర్రవాడి గుప్పిట్లో పెట్టి బిగించాడు. కాసేపటికి కొట్టుకోవడం తగ్గింది. ఆగింది. "చూశారా, ఇనుము పడగానే ఎలా తగ్గిందో!" అన్నాడు ప్యూను, నుదుటి చెమట తుడుచుకుంటూ.

ఈ దృశ్యాన్ని మీలో చాలామంది బడిలోనో, బస్టాండులోనో, తిరునాళ్ళలోనో చూసే ఉంటారు. తాళాలు దొరకకపోతే కొడవలి పెడతారు. అదీ లేకపోతే ఉల్లిపాయ వాసనో, చెప్పు వాసనో చూపిస్తారు. పూర్వం ఒక ముసలమ్మ తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్నదట! మన తాళాల గుత్తి సంగతి కూడా అంతే. అది చేయని పనికి మెప్పు పొందుతోంది. అసలు పని చేసినవి ఆ కుర్రవాడి మెదడులోని కణాలు. ఇది నేను ఊరికే అంటున్న మాట కాదు. ఫిట్టు ఎలా పుడుతుందో, ఎలా ఆగుతుందో తెలుసుకుంటే మీరే అంటారు.

ముందు మీ తరగతి గదినే తీసుకుందాం. మాస్టారు లేని వేళ నలభై మందీ ఎవరి మాటలు వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. గది బయట నిలబడి వింటే ఉత్త గోల తప్ప ఒక్క మాటా తెలియదు. అదే నలభై మందీ ఒక్క గొంతుతో పదిహేడో ఎక్కం మొదలు పెడితే? వీధి చివరికి వినిపిస్తుంది. కాని అప్పుడు ఆ గదిలో ఎక్కం తప్ప ఇంకే పనీ జరగదు. మామూలుగా మన మెదడు మొదటి రకం తరగతి లాంటిది. సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఎవరి పని అవి చేసుకుంటూంటాయి. వాటిలో ఒక పెద్ద గుంపు ఒక్కసారిగా ఎక్కం అందుకుంటే అదే ఫిట్టు.

ఇది ఉపమానం మాత్రమే కాదు, కొలిచి చూసిన సంగతి. జర్మనీలోని యేనా నగరంలో హాన్స్ బెర్గర్ అనే డాక్టరు 1924లో మనిషి తల మీది నుంచి మెదడు విద్యుత్తును మొదటిసారిగా నమోదు చేశాడు. ఆ సంగతి బయటపెట్టడానికి ఆయనకు మరో అయిదేళ్ళు పట్టింది. 1929లో ప్రచురించినప్పుడు కూడా చాలామంది నమ్మలేదు. ఆ పరీక్షనే ఇ.ఇ.జి. అంటున్నాం. మెలకువగా ఉన్న మనిషి ఇ.ఇ.జి. కాగితం మీద చిన్న చిన్న గజిబిజి గీతలు ఉంటాయి. ఫిట్టు వచ్చినప్పుడు అవే గీతలు ఒక తాళానికి లేస్తూ పడుతూ ఎన్నో రెట్లు పెద్దవవుతాయి.

ఇక ఒక్క కణం లోపలికి వెళదాం. నాడీకణానికి లోపలివైపు బయటివైపు కన్న సుమారు 70 మిల్లీవోల్టుల మేర ఋణావేశం ఉంటుంది. టార్చి లైటు బ్యాటరీలో ఇది ఇరవయ్యో వంతు కూడా కాదు. కణం పొరలో ప్రోటీనులతో తయారైన సన్నని ద్వారాలు ఉంటాయి. సోడియం ద్వారాలు తెరుచుకోగానే బయటి సోడియం అయాన్లు లోపలికి దూకుతాయి. వెయ్యోవంతు సెకనులో లోపలివైపు ధనావేశమవుతుంది. వెంటనే పొటాషియం అయాన్లు బయటికి పోయి మళ్ళీ మొదటి స్థితి వస్తుంది. ఒక నాడీ సంకేతం అంటే ఇంతే.

ఒక కణం చివర నుంచి రెండో కణానికి కబురు రసాయనం రూపంలో పోతుంది. ఇక్కడే మన కథకు ప్రాణం ఉంది. మెదడు పైపొరలో ప్రతి అయిదు కణాలలో నాలుగు గ్లుటమేట్ అనే రసాయనాన్ని వదులుతాయి. అది పక్కకణంతో "కానీ!" అంటుంది. మిగిలిన ఒక్కటీ గాబా అనే రసాయనాన్ని వదులుతుంది. అది క్లోరైడు ద్వారాలను తెరిచి, లోపలి ఋణావేశాన్ని పెంచి, "ఉష్!" అంటుంది. అంటే మీ తరగతిలో నలుగురు అల్లరివాళ్ళకు ఒక మానిటరు ఉన్నాడన్నమాట. ఆ ఒక్కడూ బలహీనపడితే చాలు, అల్లరి గదంతా పాకుతుంది.

చిత్రమేమంటే గాబా తయారయ్యేది గ్లుటమేట్ నుంచే! ఆ మార్పు జరగడానికి బి6 విటమిన్ కావాలి. 1950ల తొలి సంవత్సరాల్లో అమెరికాలో ఒక రకం డబ్బాపాలు తాగిన పసిపిల్లలకు ఫిట్లు రాసాగాయి. పాలను ఎక్కువ వేడిచేసి తయారు చేసినందువల్ల అందులోని బి6 విటమిన్ నశించిపోయింది. విటమిన్ ఇవ్వగానే ఫిట్లు ఆగిపోయాయి. మానిటర్లకు తిండి లేక కలిగిన గొడవ అది.

మరో ఉదాహరణ చెబుతాను, కాస్త ఆలోచించండి. పసితనంలో జ్వరంతో మొదలై మళ్ళీమళ్ళీ ఫిట్లు వచ్చే ద్రావే అనే జబ్బు ఉంది. ఈ పిల్లల్లో చాలామందికి ఒక సోడియం ద్వారాన్ని తయారుచేసే జన్యువులో లోపం ఉన్నట్లు 2001లో తెలిసింది. ద్వారాలు సరిగా లేకపోతే సంకేతాలు తగ్గాలి కదా, మరి ఫిట్లు ఎందుకు పెరుగుతున్నాయి? ఎలుకల మీద చేసిన పరిశోధనలో 2006లో దీనికి జవాబు దొరికింది. ఆ రకం ద్వారం మీద ఎక్కువగా ఆధారపడేవి "ఉష్" అనే కణాలే. మూగబోయినవాడు మానిటరు! అందుకే సోడియం ద్వారాలను అదుపుచేసే మూర్ఛ మందులు, ఇతర రోగులకు ఎంతో మేలు చేసేవి, ఈ పిల్లలకు ఇస్తే ఫిట్లు ఇంకా ఎక్కువవుతాయి. పక్కింటి వారి మందు తెచ్చి వాడకూడదనడానికి ఇంతకన్న మంచి కారణం నాకు తోచదు.

గొడవ మెదడులో ఎక్కడ మొదలైతే ఫిట్టు ఆ రూపంలో కనబడుతుంది. లండన్ డాక్టరు జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ కొందరు రోగులను గమనించాడు. వారికి మొదట బొటనవేలు అదిరేది, తరువాత చెయ్యి, తరువాత భుజం, ముఖం. మెదడు పైపొరలో ఈ అవయవాలను నడిపే చోట్లు పక్కపక్కనే ఉండాలి, కల్లోలం ఒకదాని నుంచి పక్కదానికి పాకుతూ ఉండాలి అని ఆయన ఊహించాడు. మూర్ఛ అంటే మెదడులోని బూడిదరంగు పదార్థంలో హఠాత్తుగా, మితిమీరి జరిగే విడుదల అని 1873లోనే రాశాడు. అప్పటికి ఇ.ఇ.జి. లేదు! రోగి బొటనవేలే ఆయన పరికరం.

కింద పడిపోవడం లేని మూర్ఛ కూడా ఉంది. పాఠం వింటున్న అమ్మాయి పది సెకన్లపాటు గోడవైపు చూస్తూ ఉండిపోతుంది. పిలిస్తే పలకదు. తరువాత ఏమీ జరగనట్టే రాసుకుంటుంది. ఇలా రోజుకు పదులసార్లు జరగవచ్చు. పాఠంలో అన్ని ముక్కలు ఎగిరిపోతే మార్కులు ఎక్కడినుంచి వస్తాయి? మెదడు నడుమ థాలమస్ అనే భాగం ఉంది. దానికీ పైపొరకూ మధ్య కబుర్లు గుండ్రంగా తిరిగే దారి ఒకటుంది. ఆ దారిలో సెకనుకు మూడుసార్లు చొప్పున ఒక లయ మొదలవుతుంది. ఈ సంగతిని 1935లో అమెరికాలో గిబ్స్, డేవిస్, లెనాక్స్ అనే ముగ్గురు ఇ.ఇ.జి. మీద చూపించారు. ఇక్కడ కథ తలకిందులు. థాలమస్ కణాలను గట్టిగా "ఉష్" అని అణిస్తే వాటిలోని ఒక రకం కాల్షియం ద్వారాలు సిద్ధమై, అణచడం సడలగానే ఒక్కపెట్టున పేలుతాయి. మానిటరు మరీ గట్టిగా అదిలించినా తరగతి ఏకగొంతు అవుతుందన్నమాట. ఇలాంటి పిల్లలను పరధ్యానమని బెంచీ ఎక్కించిన మాస్టార్లు ఎందరో! వాళ్ళకు కావలసింది బెత్తం కాదు, డాక్టరు.

సరే, మళ్ళీ ప్రార్థన మైదానానికి వద్దాం. ఆ కుర్రవాడి ఫిట్టు ఎందుకు ఆగింది? అతడి కణాలు కొద్దిసేపట్లోనే విపరీతంగా శక్తిని ఖర్చు పెట్టాయి. ఖర్చయిన శక్తి పదార్థం నుంచి అడినోసిన్ పోగుపడింది. అది కణాలను జోకొడుతుంది. (కాఫీ మన నిద్ర చెడగొట్టేది ఈ అడినోసిన్‌కు అడ్డం పడే!) కణాల చుట్టూ ఆమ్లం పెరిగింది, అదీ ఉత్తేజాన్ని తగ్గించింది. పొటాషియం ద్వారాలు తెరుచుకున్నాయి. "ఉష్" కణాలు తేరుకున్నాయి. మీరు గమనించారో లేదో, మొదట బిగుసుకుపోయిన ఒళ్ళు తరువాత కొట్టుకుంటుంది, చివరికొచ్చేసరికి కుదుపుకూ కుదుపుకూ మధ్య వ్యవధి పెరుగుతూ పోతుంది. ఆ వ్యవధి ప్రతిదీ మానిటరు గెలిచిన క్షణమే. ఈ రకం ఫిట్లు చాలావరకు ఒకటి నుంచి మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. తాళాలు వెతికి తేవడానికి కూడా సుమారు అంతే సమయం పడుతుంది! గుప్పిట్లోని ఇనుము నుంచి మెదడులోని క్లోరైడు ద్వారానికి ఏ దారీ లేదు.

"పోనీ, పెడితే పోయేదేముంది?" అని మీ ఇంట్లో పెద్దవాళ్ళు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పోయేది సమయం. ఫిట్టు అయిదు నిమిషాలు దాటి సాగితే కణం పొర మీద గాబాను అందుకునే గ్రాహకాలు మెల్లమెల్లగా కణం లోపలికి లాగబడతాయి. మానిటరు అరుస్తూనే ఉంటాడు, వినే చెవులు ఉండవు. ఫిట్టును ఆపడానికి ముందుగా ఇచ్చే మందులు పని చేసేది కూడా ఆ గ్రాహకాల మీదనే. కాబట్టి ఆలస్యమైనకొద్దీ మందు కూడా ఓడిపోతూంటుంది. అందుకే నేను తాళాలు వద్దు, గడియారం చూడండి అంటున్నాను. ఫిట్టు మొదలైన నిమిషం గుర్తు పెట్టుకోండి. అయిదు నిమిషాలు దాటినా, స్పృహ రాకముందే రెండోది వచ్చినా, అతడికి ఇదే మొదటి ఫిట్టు అయినా 108కి ఫోను చేయించండి.

ఈలోగా చేయవలసింది చాలా తక్కువ. చుట్టూ ఉన్న రాళ్ళూ బెంచీలూ జరపండి, తల కింద ఒక సంచి పెట్టండి, కుదుపులు తగ్గగానే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. కాళ్ళూ చేతులూ అదిమి పట్టకండి. నాలుక మింగేస్తాడన్న భయం వట్టిది. నోట్లో చెంచా కుక్కితే పళ్ళు ఊడతాయి, నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

తాళాల గుత్తి వల్ల ఇంకో నష్టం కూడా ఉంది, నా దృష్టిలో అదే పెద్దది. ఇనుముతో తగ్గిందనుకున్న కుటుంబం డాక్టరు దగ్గరికి పోదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించి ఊరుకుంటుంది. ఈ జబ్బు దేవతల వల్ల కాదు, మెదడు వల్ల వస్తుందని క్రీస్తుకు 400 ఏళ్ళ క్రితమే గ్రీకు వైద్య గ్రంథం ఒకటి వాదించింది. మన దేశంలో మూర్ఛకు ఒక సాధారణ కారణం బద్దెపురుగు. దాని గుడ్లు కడగని చేతుల ద్వారా, కడగని ఆకుకూరల ద్వారా కడుపులోకి పోతే పిల్లపురుగులు మెదడులో తిత్తులు కడతాయి. పంది మాంసం ముట్టని వాళ్ళకూ ఇది వస్తుంది. దీన్ని స్కాన్‌లో చూడవచ్చు, మందులతో నయం చేయవచ్చు. తాయెత్తుకు తిత్తి కనబడుతుందా? సరైన మందు క్రమం తప్పకుండా వాడితే మూర్ఛ ఉన్నవారిలో నూటికి 70 మంది ఫిట్లు లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది.

మరి ఇంత తెలిసినా ఇళ్ళల్లో ఎందుకు దాస్తున్నారు? ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో? చట్టమే చాలాకాలం వాళ్ళను భయపెట్టింది. మూర్ఛ ఉన్నవారు పెళ్ళికి పనికిరారన్న మాట హిందూ వివాహ చట్టంలో ఉండేది. 1999లో పార్లమెంటు దాన్ని తొలగించింది. చట్టం మారింది గాని పెళ్ళి చూపుల్లో గుసగుసలు ఇంకా మారలేదు.

ప్రార్థన మైదానంలో పడిన కుర్రవాడు కాసేపటికి కళ్ళు తెరుస్తాడు. అతడికి జరిగినదేదీ గుర్తుండదు. ఒళ్ళంతా నొప్పులు, విపరీతమైన నిద్ర. లాగు తడిసి ఉండవచ్చు. చుట్టూ మూడువందల కళ్ళు. ఆ గుంపును పంపించివేసి, "ఎనిమిదింబావుకు మొదలై రెండు నిమిషాల్లో తగ్గింది" అని హెడ్మాస్టారికో, వాళ్ళ నాన్నకో చెప్పగలిగినవారు ఒక్కరుంటే చాలు. డాక్టరు మొట్టమొదట అడిగేది అదే. ఆ రోజు మధ్యాహ్నం లెక్కల పీరియడు అతడు నిద్రలోనే ఉంటాడు. మర్నాడు అతడు బడికి వచ్చేసరికి మీ నోటుపుస్తకం సిద్ధంగా ఉంచండి.