నేరం ఇనుప నాణేనిది కాదు

జర్మనీ మార్కు కుప్పకూలడానికి బీజం మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఇనుప నాణేల్లోనే పడిందని, సర్కారు మంచి లోహం లాక్కుని జనం చేతిలో తుక్కు పెట్టిందని ఒక వాదన ఉంది. వినడానికి సబబుగా ఉన్నా, అది అసలు దోషిని వదిలేస్తుంది. యుద్ధానికి ముందు పది ఫెన్నిగుల (మార్కులో నూరో వంతు ఒక ఫెన్నిగ్) నాణెంలో మూడు పాళ్లు రాగి, ఒక పాలు నికెల్. బ్రిటిష్ నౌకాదళం సముద్రాన్ని దిగ్బంధించాక ఆ రెండింటికీ కటకట వచ్చింది. తూటాల ఇత్తడి తొడుగులకు రాగి కావాలి, కవచాల ఉక్కుకు నికెల్ కావాలి. దాంతో 1915లో ఐదు ఫెన్నిగులు ఇనుముతో వచ్చాయి. ఒక ఫెన్నిగ్ అల్యూమినియానికి, పది ఫెన్నిగులు ఇనుముకు, జింకుకు మారాయి. తుప్పు పట్టకుండా ఇనుప బిళ్లలకు జింకు పూత పూసేవారు. పూత అరిగిన చోట గోధుమరంగు మరకలు తేలేవి. చిల్లర చాలక పట్టణాలు సొంత నాణేలు కొట్టించుకున్నాయి. చర్చి గంటలనే కరిగించిన రోజులవి.

అయితే ఆ పది ఫెన్నిగుల్లోని పాత లోహానికీ పది ఫెన్నిగుల ఖరీదు లేదు. చిల్లర నాణెం చెల్లేది ప్రభుత్వం మీది నమ్మకంతో. ఇవాళ మన రూపాయి బిళ్ల స్టెయిన్‌లెస్ స్టీలే కదా, దాన్ని ఎవరూ మోసం అనరు. మరి జనం వెండి మార్కులను ఎందుకు దాచుకున్నారని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1914 ఆగస్టులో నోటుకు బంగారం ఇవ్వడం ఆపేశారు, ఆ తర్వాత నోట్లు పెరుగుతూ పోయాయి. జనం భయపడింది ఆ నోట్లకు. లోహం కొరత ఒక్కటే కరెన్సీని ముంచేదైతే మన దేశంలోనూ అదే జరగాలి. వెండి చాలక 1917లో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ రూపాయి నోటు తెచ్చింది. ధరలు పెరిగి జనం అవస్థపడ్డారు గానీ, రూపాయికి మార్కు గతి పట్టలేదు.

తేడా ఖజానా నడిపిన తీరులో ఉంది. జర్మనీ ఆర్థిక వ్యవహారాలు చూసిన కార్ల్ హెల్ఫెరిహ్ యుద్ధ ఖర్చుకు సరిపడా పన్నులు వేయలేదు. అప్పుల మీద యుద్ధం నడిపి, ఆ భారం ఓడిన శత్రువులు మోస్తారని 1915లో పార్లమెంటుకు చెప్పారు. ఓడింది జర్మనీ. నష్టపరిహారం భారం తోడైంది, తర్వాతి ప్రభుత్వాలూ నోట్ల ముద్రణ ఆపలేదు. 1914లో 4.2 మార్కులున్న డాలరు 1923 నవంబరుకు 4.2 లక్షల కోట్ల మార్కులకు చేరింది. ఆ ఏడాది అల్యూమినియంతో కొట్టిన 500 మార్కుల నాణెం అప్పటికి దేనికీ కొరగాలేదు.