బీరువాలో ఎస్సార్, తెర మీద ఎస్సార్

వినుకొండలో జిల్లా పరిషత్ హైస్కూలు టీచరు ఉద్యోగ చరిత్ర ఒక్కచోట దొరకదు. సర్వీసు రిజిస్టరు (ఎస్సార్) హెడ్మాస్టరు గదిలోని బీరువాలో ఉంటుంది. జీతం బిల్లు ట్రెజరీ మీదుగా ప్రభుత్వ ఆర్థిక లావాదేవీల ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లో నడుస్తుంది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడ్డాక డీఈవో కార్యాలయం నరసరావుపేటలో వెలిసింది. జిల్లా పరిషత్‌ను మాత్రం విడదీయలేదు కాబట్టి పాత పెన్షన్ వారి పీఎఫ్ లెక్కలు గుంటూరులోనే ఉండిపోయాయి.

ఈ చెల్లాచెదురుకు మందుగా వచ్చినవే 2018 నాటి సీఎఫ్ఎంఎస్, ఆ తర్వాతి ఈ-ఎస్సార్ అనే ఎలక్ట్రానిక్ సర్వీసు రిజిస్టరు. ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. పాత వివరాలు ఎక్కించే తీరులోనే ఉంది చిక్కంతా. ముప్పై ఏళ్ల ఇంక్రిమెంట్లు, సెలవులు, పీఆర్సీ (వేతన సవరణ) ఫిక్సేషన్లు బడి పని ముగిశాక, సర్వర్ కరుణించిన వేళ కొడితే ఏ నాణ్యత వస్తుందో అదే వస్తుంది.

కాగితపు ఎస్సార్‌ను పాతచింతకాయ పచ్చడి అని తీసిపారేయకూడదు. అందులో దిద్దుబాటు చేస్తే పాత అంకె కొట్టివేత కింద కనబడుతూనే ఉంటుంది, పక్కన అధికారి సంతకం, తేదీ పడతాయి. సాఫ్ట్‌వేర్‌లో ఒక గడి మారితే పాతది మాయం కావచ్చు. ఎవరు, ఎప్పుడు, ఏ ఉత్తర్వు మీద మార్చారో భద్రపరచని వ్యవస్థ ఆ బీరువా కన్నా వెనకబడినట్టే.

గడులు ఎలా అమర్చారన్నదీ చిన్న విషయం కాదు. ఆంధ్రప్రదేశ్ ఉద్యోగుల పదవీ విరమణ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెరిగింది. విరమణ తేదీని విడిగా టైపు చేసి ఉంచితే నిబంధన మారిన ప్రతిసారీ లక్షల రికార్డులు దిద్దాలి. పుట్టినతేదీ నుంచి లెక్కగట్టేలా ఉంటే ఒక్క నియమం మారిస్తే చాలు. అయితే ఆ పుట్టినతేదీని 1984 నిబంధనల ప్రకారం ఒకసారి నమోదయ్యాక ఇష్టం వచ్చినట్టు మార్చడానికి వీల్లేదు. మరి ఎక్కించేటప్పుడు దొర్లిన తప్పు ఎవరి ఖాతాలో పడాలి?

టీచర్ల నియామకానికి జరిగిన డీఎస్సీ 2003 వారి సంగతి చూడండి. నోటిఫికేషన్ ముందే వచ్చినా, చేరింది 2004 సెప్టెంబరు 1 తర్వాత కాబట్టి కొత్త కంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం సీపీఎస్‌లో పడ్డారు. పాత పెన్షన్ ఇమ్మని వారు అడుగుతున్నది నోటిఫికేషన్ తేదీని చూపించే. చేరిన తేదీ ఒక్కటే అడిగే ఫారంలో వారి వాదనకు చోటే ఉండదు.

ఇక పేర్లు. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, బ్యాంకులో చివరన. ‘ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్’ అని గడులు గీసినవారికి ఇంటిపేరు ముందుండే మన అలవాటు పట్టలేదు. జిన్నింగ్ మిల్లు కార్మికుడికి పీఎఫ్ సొమ్ము దగ్గర ఎదురయ్యే పేచీ కూడా ఇదే. యూఏఎన్ అనే పీఎఫ్ సంఖ్య ఉన్నా పేరు ఆధార్‌తో కలవకపోతే క్లెయిమ్ ఆగుతుంది. మేస్త్రీ నోటుబుక్కులో తప్ప ఎక్కడా పేరు లేని కూలీలకు ఆ పేచీ పెట్టుకునే అవకాశం కూడా లేదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తప్పులు దిద్దించుకునే హక్కును గుర్తించింది. ఆ హక్కు వినుకొండ దాకా రావాలంటే దిద్దే అధికారం కొంతైనా జీతాల బిల్లు పెట్టే అధికారి (డీడీవో) చేతిలో ఉండాలి. సంబంధిత ఎస్సార్ పేజీ స్కాన్ జతచేస్తేనే మార్పు నమోదు కావాలి, గడువులోగా ఆమోదమో తిరస్కారమో రాతపూర్వకంగా తేలాలి. అంతవరకు బీరువా తాళం పోకుండా చూసుకోవడమే మేలు.