ఆటల జాతరకు పోవచ్చునా?



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో కాకినాడ నుంచి ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఉన్నది. ఆమె పెదనాన్నగారి కుటుంబం అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాన్ హోసే పట్టణంలో ఉంటున్నది. అక్కడి అన్నయ్యకు వీడియో ఆటలంటే ప్రాణం. అనాహైమ్ అనే ఊళ్ళో జరిగే "బ్లిజ్‌కాన్" సమావేశానికి ఈసారి తప్పకుండా పోవాలని అతను పట్టుబట్టి కూర్చున్నాడు. "ఇంట్లో కూర్చుని ఆడుకునే ఆట కోసం ఊరుదాటి పోయి డబ్బు తగలేస్తారా?" అంటున్నారట పెదనాన్నగారు. "వీళ్ళిద్దరిలో ఎవరిది న్యాయం, మాస్టారూ?" అని ఆ అమ్మాయి అడిగింది.

ఇలాంటి తగవులు ఒక్క కాలిఫోర్నియాలోనే కాదు, మన ఇళ్ళలోనూ ఉన్నాయి. తీర్పు చెప్పటానికి తొందర లేదు. ముందు సంగతి తెలుసుకుందాం. తరవాత లెక్క వేద్దాం. లెక్క తేలితే తీర్పు దానంతట అదే వస్తుంది.

బ్లిజార్డ్ అనే కంపెనీ కాలిఫోర్నియాలోనే ఇర్వైన్ అనే ఊళ్ళో ఉన్నది. అది 2004లో "వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్" అనే ఆటను విడుదల చేసింది. ఒకే సమయంలో వేలమంది, ఎవరి ఇంట్లో వారు కంప్యూటరు ముందు కూర్చుని, ఒకే మాయాలోకంలో తిరిగే ఆట అది. ఆ ఆటకు అభిమానులు పెరిగారు. మరుసటి ఏడు, అంటే 2005 అక్టోబరులో, కంపెనీవారు తమ అభిమానులందరినీ ఒకచోట చేర్చి ఒక సమావేశం జరిపారు. అదే మొదటి బ్లిజ్‌కాన్. డిస్నీలాండు ఉన్న ఊరే ఈ అనాహైమ్. అక్కడి పెద్ద ప్రదర్శనశాలలో రెండేసి రోజులు ఈ జాతర జరుగుతుంది.

జాతర అని ఊరికే అనలేదు. మన తిరునాళ్ళలో ఉండేవన్నీ అక్కడ ఉంటాయి. ఆటలోని వీరులలాగా వేషాలు కట్టుకుని తిరిగేవాళ్ళుంటారు, వారికి పోటీలుంటాయి. బొమ్మలూ, చొక్కాలూ అమ్మే అంగళ్ళుంటాయి. ఆరితేరిన ఆటగాళ్ళు వేదిక ఎక్కి పందెం ఆడుతుంటే చూసేవాళ్ళు కేకలు వేస్తారు. ఆటలు తయారుచేసినవాళ్ళు వచ్చి ఉపన్యాసాలిస్తారు. కొత్త ఆటల కబుర్లు కూడా అక్కడే మొదట బయటపడతాయి.

ఇక ధర సంగతి. 2019లో ఒక మనిషికి మామూలు టిక్కెట్టు 229 డాలర్లు. 2023లో అది 299 డాలర్లయింది. నాలుగేళ్ళలో 70 డాలర్లు పెరిగిందన్నమాట.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉన్నది. ఆ 2023లోనే, వేదికమీద జరిగినదంతా కంపెనీవారు ఇంటర్నెట్టులో ఉచితంగా చూపించారు. అంతకుముందు ఇంట్లో కూర్చుని చూడటానికి కూడా వేరే టిక్కెట్టు అమ్మేవారు. 2019లో దాని ధర సుమారు 50 డాలర్లు. 2023లో అదీ లేదు. వెళ్ళి చూడటానికి ధర పెరిగింది, ఇంట్లో చూడటానికి ధర సున్న అయింది! ఇలా ఎందుకు జరిగింది?

కబురు చేరవెయ్యటం సులువైపోవటమే దీనికి కారణం. వెనక 1995లో లాస్ ఏంజెలెస్‌లో "ఈ3" అనే ఆటల ప్రదర్శన మొదలయింది. కొత్త ఆటల సంగతులు వర్తకులూ, పత్రికలవాళ్ళూ అక్కడికి పోయి తెలుసుకునేవారు. వారి ద్వారా లోకానికి తెలిసేది. తరవాత్తరవాత కంపెనీలు తమ కబుర్లను తామే ఇంటర్నెట్టు ద్వారా ఆటగాళ్ళకు చెప్పసాగాయి. మధ్యవర్తి అవసరం తగ్గింది. చివరకు 2023 డిసెంబరులో ఈ3ని శాశ్వతంగా మూసివేసినట్టు ప్రకటించారు.

దీన్నిబట్టి మొదటి సూత్రం తేలుతున్నది: కబురు కోసం, కళ్ళతో చూడటం కోసం టిక్కెట్టు కొనవలసిన పని లేదు. పైగా కంపెనీ చెప్పే కబురులో సగం సరుకు గురించిన ప్రకటనే. అంగడివాడు తన సరుకును పొగుడుకుంటుంటే వినటానికి మనం ఎదురు డబ్బిచ్చుకోవటం ఏం తెలివి?

అయితే టిక్కెట్టుకు ఫలితమే లేదా? ఉన్నది. ఇంట్లో దొరకనివి అక్కడ మూడు దొరుకుతాయి.

మొదటిది, చేత్తో ఆడి చూడటం. 2014 నవంబరులో "ఓవర్‌వాచ్" అనే కొత్త ఆటను బ్లిజ్‌కాన్‌లో ప్రకటించి, వచ్చినవాళ్ళచేత అక్కడే ఆడించారు. లోకానికంతకూ ఆ ఆట 2016 మేలో గాని అందలేదు. ఏడాదిన్నర ముందే ఆడామని వాళ్ళు చెప్పుకోవచ్చు. కాని దీని విలువ తొలికాపు మామిడిపండు విలువ లాంటిది. చైత్రమాసంలో పండు తిన్నవాడికి గొప్పే. వైశాఖం వచ్చేసరికి అందరూ తింటారు, అదీ చవకగా.

రెండవది, మనుషులను కలుసుకోవటం. వార్‌క్రాఫ్ట్ ఆటలో తొలి రోజులలో కొన్ని రాక్షసులను కొట్టాలంటే 40 మంది కూడి పని చెయ్యవలసి వచ్చేది. ఏళ్ళ తరబడి కలిసి ఆడినా ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్ళు ఎందరో. వారికి ఈ జాతర మొదటి చూపు. కలం స్నేహితులు మొదటిసారి కలుసుకుంటే ఎంత సంతోషమో, ఇదీ అంతే.

మూడవది, ప్రశ్న అడగటం. దీన్ని గురించి నిజంగా జరిగిన ఒక సంగతి చెబుతాను.

2010 అక్టోబరులో బ్లిజ్‌కాన్ జరుగుతున్నది. ఆటలోని కథలు రాసేవారు వేదికమీద కూర్చుని అభిమానుల ప్రశ్నలకు జవాబులు చెబుతున్నారు. ఎర్రచొక్కా తొడుక్కున్న ఒక యువకుడు మైకు ముందుకు వచ్చాడు. అతను అంతకుముందు రోజే ఆ ఆటకు సంబంధించిన కొత్త నవల చదివి ముగించాడు. కథలో మరుగుజ్జులకు ముగ్గురు పెద్దల సభ ఒకటి ఉన్నది. ఆ సభలో ఫాల్‌స్టాడ్ అనే నాయకుడు ఎందుకు లేడని అతను అడిగాడు. అతను ముందే చనిపోయాడు గదా అన్నారు వేదికమీదివారు. యువకుడు తొణకలేదు. చనిపోలేదనీ, ఏ కథలో బతికి ఉన్నాడో, తరవాత ఆటలో ఎక్కడ కనిపించాడో చెప్పాడు. అతను చెప్పినదే నిజం! కథ రాసినవారే మరిచిపోయారు. సభ అంతా చప్పట్లు కొట్టింది.

తరవాత కంపెనీవారు తప్పు దిద్దుకుని ఫాల్‌స్టాడ్‌ను ఆ సభలో కూర్చోబెట్టారు. అంతటితో ఊరుకోక, ఆయన పక్కన ఎర్రచొక్కా తొడుక్కున్న ఒక చిన్న పాత్రను కూడా నిలబెట్టారు. నిజానిజాలు సరిచూసేవాడని దాని పేరు.

ఆ రోజు ఆ శాలలో వేలమంది ఉన్నారు. ఎక్కువమంది ఒకే ధర పెట్టి టిక్కెట్టు కొన్నారు. కాని ఈ యువకుడి టిక్కెట్టుకు వచ్చిన ఫలం వేరు. అతను చూడటానికి మాత్రమే పోలేదు. చదువుకుని, ప్రశ్న వెంట తీసుకుని పోయాడు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడగటానికైనా ముందు తెలిసి ఉండాలి.

ఇప్పుడు పలకలు తియ్యండి, లెక్క వేద్దాం. శాన్ హోసే నుంచి అనాహైమ్ సుమారు 600 కిలోమీటర్లు. కాకినాడ నుంచి హైదరాబాదుకన్న ఎక్కువ దూరం. అబ్బాయి ఒక్కడే పోలేడు గనక నాన్నగారు కూడా పోవాలి. 2023 ధర ప్రకారం రెండు టిక్కెట్లకు 598 డాలర్లు. మిగతావి మనం ఊహించుకునే అంకెలు: రెండు రాత్రులు హోటలుకు 400, భోజనాలకు 200, కారు పెట్రోలుకూ కారు నిలపటానికీ 120, బొమ్మల అంగట్లో 82. మొత్తం 1,400 డాలర్లు. చూశారా, టిక్కెట్లు ఇందులో సగం కూడా కాలేదు. పావలా కోడికి ముప్పావలా మసాలా అన్నట్టయింది. టిక్కెట్టు ధర చూసి "పోవచ్చు" అనుకునేవాళ్ళు మోసపోయేది ఇక్కడే.

మనిషికి 700 డాలర్లు పడింది. రోజుకు 10 గంటల చొప్పున రెండు రోజులు, అంటే 20 గంటలు, శాలలో గడిపారనుకుందాం. ఏమీ ఆలోచించుకోకుండా పోయిన కుర్రవాడు వరసలలో నిలబడటానికీ, తిండికీ, దిక్కులు చూడటానికీ 7 గంటలు పోగొట్టుకుంటాడు. ఇంట్లో ఉచితంగా కనిపించే వేదికనే చూస్తూ 8 గంటలు కూర్చుంటాడు. అక్కడ మాత్రమే దొరికే పనికి మిగిలింది 5 గంటలు. 700ను 5తో భాగిస్తే గంటకు 140 డాలర్లు!

ఏ ఆట ఆడి చూడాలి, ఎవరిని కలుసుకోవాలి, ఏమి అడగాలి అని ముందే కాగితంమీద రాసుకుపోయిన కుర్రవాడికి కూడా వరసలూ, తిండీ తప్పవు. వాటికి 6 గంటలు తీసేద్దాం. వేదిక కార్యక్రమాలు ఇంటికి వచ్చాక చూసుకుంటాడు. అతనికి 14 గంటలు మిగులుతాయి. గంటకు 50 డాలర్లు. ఖర్చు ఒకటే, శాల ఒకటే. కాని మొదటివాడి గంట రెండవవాడి గంటకు దాదాపు మూడు రెట్లు ఖరీదు.

మరి నాన్నగారి 700 మాటేమిటి? ఆటంటే తెలియని ఆయన ఒక మూల కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటే ఆ డబ్బు కూడా కుర్రవాడి గంటల మీదనే పడుతుంది. అప్పుడు అతని గంట 50 కాదు, 100 డాలర్లు. దీనికి విరుగుడు ఉన్నది. పోయే ముందు ఒక నెల, రోజుకు అరగంట, కొడుకే గురువై నాన్నకు ఆ ఆట నేర్పాలి. అప్పుడు ఆయనకూ అక్కడ చూడవలసినదీ, అడగవలసినదీ ఉంటుంది. నా ఉద్దేశంలో ఆ నెలరోజుల పాఠం జాతరకన్న విలువైనది, దానికి టిక్కెట్టు కూడా లేదు.

ఇక తీర్పు. డబ్బు తగలేస్తారా అన్న పెదనాన్నగారి మాటలో న్యాయం ఉన్నది. చూసి రావటానికే అయితే అది తగలెయ్యటమే. అబ్బాయి కోరికలోనూ న్యాయం ఉండవచ్చు, కాని దాన్ని అతను రుజువు చెయ్యాలి. అతను అడగదలచిన మూడు ప్రశ్నలూ, కలుసుకోదలచిన మనుషుల పేర్లూ కాగితంమీద రాసి నాన్నగారికి చూపించాలి. కాగితం నిండితే పోవచ్చు. నిండకపోతే ఈసారికి ఇంట్లోనే అందరూ కలిసి చూడవచ్చు.

తల్లిదండ్రులకు రెండు మాటలు. "పిచ్చి ఆటలు" అని కొట్టిపారేసి కాదనకండి. లెక్క చూపించి కాదనండి. లెక్కతో వద్దంటే పిల్లవాడు లెక్క నేర్చుకుంటాడు, ఊరికే వద్దంటే అలక నేర్చుకుంటాడు. ఇంకొకటి, ఇలాంటి జాతరలు ఏటేటా జరుగుతాయని నమ్మి ముందే ఖర్చు పెట్టకండి. బ్లిజ్‌కాన్ 2020లోనూ, 2022లోనూ, 2024లోనూ జరగలేదు.

కాలిఫోర్నియాలో బంధువులు లేనివాళ్ళు ఇది మనకు చెందిన సంగతి కాదనుకోవద్దు. హైదరాబాదులో 2013లో మొదటి కామిక్ కాన్ జరిగింది. ఇలాంటి సంబరాలకు మన పిల్లలూ పోతున్నారు. సైన్సు ప్రదర్శనకైనా, పుస్తకాల సంతకైనా ఇదే సూత్రం.

ఈ నెల లెక్క: పైన చెప్పిన తండ్రీకొడుకులు అనాహైమ్‌లో చుట్టాల ఇంట్లో దిగారు. హోటలు ఖర్చు లేదు, భోజనాల ఖర్చు సగమయింది. మిగతా ఖర్చులు అవే. కుర్రవాడికి పనికివచ్చిన గంటలు 9. తండ్రి కూడా ఆట నేర్చుకునే వచ్చాడు గనక ఎవరి ఖర్చు వారిదే. కుర్రవాడికి గంట ఎంత పడింది? జవాబు రాసి పంపండి. అంకె ఒక్కటే చాలదు. మీరు మీ ఊరి దగ్గర జరిగే ఏదైనా ప్రదర్శనకు పోతే అక్కడివారిని ఏమి అడుగుతారో కూడా ఒక ప్రశ్న రాయాలి. ప్రశ్న లేని జవాబుకు సగం మార్కులే!