ప్లేట్లు ఎందుకు కాలాయి?

మొదటి గేరు పడింది. రెండోదీ పడింది. మూడోది పడాల్సిన చోట ఇంజిన్ ఒక్కసారిగా గీపెట్టింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా చప్పుడు పెరుగుతోందే తప్ప బండి వేగం పెరగడం లేదు. ఎలాగోలా ఇంటికి చేర్చి, ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగి చూస్తే... మాడు వాసన! ఎర్రగా మెరవాల్సిన ఆయిల్ నల్లగా మారిపోయింది.

అమెరికాలో పాత ట్రక్కు ఉన్న ఎన్నో ఇళ్లలో ఈ కథ ఇలాగే మొదలవుతుంది. అక్కడ ట్రక్కు అంటే మన లారీ కాదు. ముందు ఇద్దరు ముగ్గురు కూర్చునే క్యాబిన్, వెనక సామాను వేసుకునే తొట్టి ఉండే పికప్. రైతుకీ, వడ్రంగికీ, ప్లంబరుకీ అదే చెయ్యీ కాలూ. షెడ్డుకి పంపితే గేర్‌బాక్సు బాగు చేయడానికి రెండు మూడు వేల డాలర్ల పైమాటే. మొత్తం బండి అమ్మినా అంత రాకపోవచ్చు. అందుకే కొందరు ధైర్యం చేస్తారు. ఇంటి గ్యారేజీలో తామే విప్పుతారు.

అలాంటి ఓ వడ్రంగిని ఊహించుకోండి. ఆయనది 1980ల నాటి షెవర్లే పికప్. బ్రేకులు, బేరింగులు సొంతంగా మార్చుకున్న అనుభవం ఉంది. ఆటోమేటిక్ గేర్‌బాక్సు మాత్రం ఎన్నడూ విప్పి ఎరగడు. తోడుగా టార్చిలైటు పట్టుకోవడానికి పదమూడేళ్ల కొడుకు. ముందు... ఓ లావుపాటి మాన్యువల్!

పనంతా నూనెదే

మన లారీ డ్రైవరు ఎడమ కాలితో క్లచ్ తొక్కి, చేత్తో రాడ్ లాగి గేరు మారుస్తాడు. 2014లో మారుతీ సెలెరియోతో మనకు పరిచయమైన ఏఎంటీలో కూడా లోపల ఉన్నది మామూలు గేర్‌బాక్సే. కాలూ చెయ్యీ చేసే పనిని యంత్రం చేస్తుంది, అంతే. అమెరికా ట్రక్కులోది ఆ బాపతు కాదు. అందులో క్లచ్ పెడల్ ఉండదు. పనంతా నూనెదే!

రెండు ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకదానికే స్విచ్ వేస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది. గాలి బదులు నూనె ఉందనుకోండి... అదే టార్క్ కన్వర్టర్. ఇంజిన్ ఒక చక్రాన్ని తిప్పితే, అది విసిరిన నూనె ఎదుటి చక్రాన్ని తిప్పుతుంది. జర్మన్ ఇంజినీరు హెర్మన్ ఫోటింగర్ ఈ సూత్రానికి 1905లో పేటెంటు తీసుకున్నది ఓడల కోసం. కార్ల విషయానికొస్తే, పెద్ద ఎత్తున తయారైన తొలి పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్సు జనరల్ మోటార్స్ వారి హైడ్రామాటిక్. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఎం5 స్టువర్ట్ యుద్ధ ట్యాంకులకూ దాన్నే బిగించారు.

మన వడ్రంగి ట్రక్కులో ఉన్నది ఆ వంశంలోదే. పేరు 700ఆర్4. 1982 మోడళ్లతో వచ్చింది. నాలుగు గేర్లు. మొదటి గేరులో ఇంజిన్ మూడు చుట్లకు పైగా తిరిగితే గానీ బయటి షాఫ్టు ఒక చుట్టు తిరగదు. నాలుగో గేరులో ఇంజిన్ ముప్పావు చుట్టు కన్నా తక్కువ తిరిగినా చాలు. పెట్రోలు ఆదా అయ్యేది అక్కడే.

ఇన్ని రకాల వేగాలు ఎలా వస్తాయి? మధ్యలో సూర్యుడిలా ఒక పళ్ల చక్రం, దాని చుట్టూ గ్రహాల్లా చిన్న చక్రాలు, వాటన్నిటినీ చుట్టి ఒక పెద్ద కంకణం. వీటిలో ఒకదాన్ని కదలకుండా పట్టుకుని ఇంకోదాన్ని తిప్పితే ఒక వేగం. పట్టుకునేదాన్ని మారిస్తే ఇంకో వేగం. పట్టుకోవడానికీ, వదలడానికీ 700ఆర్4లో అయిదు క్లచ్ కట్టలు, ఒక ఇనుప పట్టీ ఉంటాయి. ఒక్కో కట్టలో కాగితం లాంటి పూత ఉన్న ప్లేటు, స్టీలు ప్లేటు, మళ్లీ పూత ప్లేటు... ఇలా వరసగా పేర్చి ఉంటాయి. వెనక నుంచి నూనె పిస్టన్‌ని నెడితే ప్లేట్లన్నీ బిగుసుకుంటాయి. ఒత్తిడి తగ్గిందా... జారతాయి. జారితే రాపిడి. రాపిడితో వేడి. వేడితో బూడిద!

మరి ఏ గేరు ఎప్పుడు పడాలో చెప్పేదెవరు? గేరు మార్చే నిర్ణయంలో కంప్యూటరుకు చోటు లేదు. ఒక తక్కెడ ఉందనుకోండి. ఒక పళ్లెంలో బండి వేగాన్ని బట్టి వచ్చే నూనె ఒత్తిడి. రెండో పళ్లెంలో డ్రైవరు కాలు ఎంత తొక్కాడో చెప్పే ఒత్తిడి. వేగం వైపు మొగ్గితే పై గేరు పడుతుంది. ఆ కాలి కబురు మోసుకొచ్చేది కార్బురేటర్ నుంచి గేర్‌బాక్సుకి వచ్చే ఒక సన్నటి వైరు. ఈ వైరును గుర్తుంచుకోండి. కథంతా దాని చుట్టూనే!

కేకుల ట్రేలో సర్క్లిప్పులు

పెట్టె బరువు సుమారు 70 కిలోలు. కింద పడుకుని గుండెల మీదికి దించుకునేది కాదు. బండిని ఒట్టి జాకీ మీద వదిలి కిందికి దూరడం ప్రాణాలతో చెలగాటం. అందుకే నాలుగు గట్టి స్టాండ్లు, గేర్‌బాక్సు దించేందుకే చేసిన ప్రత్యేక జాకీ. దానిని అద్దెకిచ్చేవాళ్లు అక్కడ దొరుకుతారు.

పెట్టె బల్లెక్కింది. పంపు బయటికొచ్చింది. డ్రమ్ములు ఒకదాని వెనక ఒకటి ఊడి వస్తున్నాయి. రెండో గంట గడిచేసరికి బల్ల మీద ఖాళీ లేదు! మొదటిసారి విప్పేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. విప్పడం ఎవరికైనా వస్తుంది. ఏది ఎటు తిరిగి ఉందో గుర్తుండటమే కష్టం. అందుకే ప్రతి ముక్క తీసే ముందూ, తీశాకా ఒక ఫొటో. విప్పిన వరసలోనే పాత దుప్పటి మీద ఎడమ నుంచి కుడికి పేర్చడం. సర్క్లిప్పులూ, స్ప్రింగులూ, వాల్వ్ బాడీ దారుల్లో దొర్లే చిన్న గోళీలూ వంటింట్లోంచి తెచ్చిన కప్పు కేకుల ట్రేలోకి వెళ్లాయి. ఒక్కో గుంతకు ఒక చీటీ. ఆ ట్రే మళ్లీ వంటింట్లోకి రాదని ఇల్లాలికి అప్పుడే అర్థమైపోయింది.

చివరికి దొంగ దొరికాడు. మూడు, నాలుగు గేర్లకు పనిచేసే క్లచ్ కట్ట. పూత మొత్తం మాడి రాలిపోయింది. స్టీలు ప్లేట్ల మీద నీలం మచ్చలు. మిగతా నాలుగు కట్టలూ ఇంకా బాగానే ఉన్నాయి.

"ఇవే కదా నాన్నా, కొత్తవి వేసేస్తే అయిపోతుందిగా!" అన్నాడు కుర్రాడు.

అయిపోతుందా?

అసలు ప్రశ్న

కొత్త ప్లేట్లు, సీళ్లు, గ్యాస్కెట్లు అన్నీ కలిపిన కిట్టు కొన్ని వందల డాలర్లకు వస్తుంది. అట్టపెట్టె ఇంటికి రాగానే చేతులు ఊరుకోవు. పాతవి తీసి కొత్తవి వేసేయాలనిపిస్తుంది. అయితే చేయి తిరిగిన మేస్త్రీలు ముందు అడిగే ప్రశ్న వేరు. ఇవి ఎందుకు కాలాయి?

వయసైపోయి ఉండవచ్చు. పిస్టన్ సీలు గట్టిపడి నూనె కారి ఉండవచ్చు. వాల్వ్ అరిగి ఉండవచ్చు. కారణం పెట్టె బయటే ఉన్నా ఆశ్చర్యం లేదు. 700ఆర్4 విషయంలో మొట్టమొదట అనుమానించాల్సింది ఆ సన్నటి వైరునే. అది వదులుగా ఉంటే, డ్రైవరు గట్టిగా తొక్కుతున్న సంగతి గేర్‌బాక్సుకి తెలియదు. కాలు మెల్లగానే ఉందనుకుని ఒత్తిడి తక్కువే ఇస్తుంది. ఇంజిన్ బలమంతా వదులుగా పట్టుకున్న ప్లేట్ల మీద పడుతుంది. కొత్తగా వేసిన ప్లేట్లయినా సరే, ఇలాంటి వైరుతో నడిపితే కొద్ది దూరంలోనే మాడిపోగలవు.

వడ్రంగి బానెట్ ఎత్తి చూశాడు. బండి పాత యజమాని ఎప్పుడో కార్బురేటర్ మార్చాడు. కొత్తదానికి, వైరు తగిలించే చోట కొలతలు వేరు. దానికి సరిపడే చిన్న బ్రాకెట్ వేయాల్సింది పోయి, ఉన్న బెజ్జానికే తగిలించేశాడు. పెడల్ పూర్తిగా తొక్కినా వైరు పూర్తిగా లాగబడటం లేదు! నెలల తరబడి ఒకటే కథ... తొట్టి నిండా కలప, ఎత్తు రోడ్డు, చాలని ఒత్తిడి.

కలప మోసింది బండి. కాలింది ప్లేటు. తప్పు మాత్రం వైరుది! ఇది చూడకుండా కిట్టు వేసేసి ఉంటే రెండు వారాల కష్టం, కొన్ని వందల డాలర్లు మళ్లీ బూడిదే.

వ్యాజిలైన్ డబ్బా

ఇక బిగింపు. ఆపరేషన్ థియేటర్లో ఉన్నంత శుభ్రం కావాలి. దూది రేగే పాత గుడ్డతో తుడిస్తే ఆ పోగు వెళ్లి సన్నటి వాల్వ్ దగ్గర అడ్డం పడుతుంది. కొత్త ప్లేట్లను ముందే ఆ ఆయిల్లోనే నానబెట్టాలి. ముక్కలు జారిపోకుండా నిలపడానికి గ్రీజు వాడకూడదు. అది కరగక దారులు మూసేస్తుంది. వ్యాజిలైనైతే వేడికి ఆయిల్లో కరిగిపోతుంది. చలికాలం పెదాలకు రాసుకునే డబ్బా ఇక్కడ మేస్త్రీ పనిముట్టు!

పిస్టన్ల చుట్టూ ఉండే రబ్బరు సీళ్లది ఇంకో పేచీ. పెదవి ఎటు ఉండాలో అటే ఉండాలి. ఎక్కించేటప్పుడు అంచు మడత పడినా, కోసుకున్నా పైకి కనిపించదు. అందుకే ప్రతి క్లచ్‌కీ పరీక్ష. నూనె వెళ్లే రంధ్రంలోకి కంప్రెసర్ గాలి వదిలితే 'ధప్' మని పిస్టన్ కదలాలి. 'సుస్సు' మని గాలి పోతే మళ్లీ విప్పాలి. మన వడ్రంగికి ఒకదానికి 'సుస్సు' వచ్చింది. రాత్రి పదకొండైంది. విసుగొచ్చింది. అయినా విప్పాడు. సీలు అంచు మడత పడి ఉంది.

ప్లేట్ల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలవాలి. ఎక్కువైతే పట్టు ఆలస్యం, తక్కువైతే వదలకుండా రాపిడి. లోపలి షాఫ్టు ముందుకూ వెనక్కూ కదిలే దూరం మిల్లీమీటరు లోపే. కంటి అంచనాలు ఇక్కడ చెల్లవు.

ఇంకో రెండు పనులు చాలామంది మరిచిపోతారు. కాలిన ప్లేట్ల పొడి పెట్టెలోనే ఆగదు. టార్క్ కన్వర్టర్లోకీ, రేడియేటర్ దగ్గర ఆయిల్ చల్లబడే గొట్టాల్లోకీ వెళ్లి కూర్చుంటుంది. గొట్టాలు కడగకుండా, పాత కన్వర్టర్నే బిగిస్తే... పాత మురికి కొత్త పెట్టెలోకి నడిచొస్తుంది.

ఇంకా సందు ఉంది నాన్నా!

పెట్టెను తిరిగి ఎక్కించే రోజు. కన్వర్టర్‌ను అటూ ఇటూ తిప్పుతూ లోపలికి తోయాలి. అది మెట్టు మెట్టుగా దిగి, చివరికి పంపులో కూర్చోవాలి. పెట్టెను ఇంజిన్‌కి ఆనించినప్పుడు రెండూ చేతి బలానికే కలవాలి.

ఇక్కడ కలవలేదు. వేలు పట్టేంత సందు. వడ్రంగి చేతిలో పెద్ద స్పానర్ ఉంది. నాలుగు బోల్టులు బిగిస్తే అదే దగ్గరికొస్తుందనిపించింది.

"ఇంకా సందు ఉంది నాన్నా. పుస్తకంలో బిగించి లాగొద్దని రాశారు" అన్నాడు టార్చి పట్టుకున్న కొడుకు.

నిజమే. కన్వర్టర్ పూర్తిగా కూర్చోకుండా బోల్టులతో లాగితే కొత్తగా వేసిన పంపు పగిలిపోతుంది. పెట్టె మళ్లీ కిందికి దిగింది. ఓపిగ్గా తిప్పితే 'టక్' మంటూ ఇంకో మెట్టు దిగింది. ఈసారి పెట్టె వెళ్లి ఇంజిన్‌కి మెత్తగా ఆనింది. కన్వర్టర్ ముందు కొద్ది మిల్లీమీటర్ల ఖాళీ కూడా మిగిలింది. ఉండాల్సింది అదే.

ఆఖరున ఆ సన్నటి వైరు. ముందుగా సరైన బ్రాకెట్ పడింది. తర్వాత ఇంజిన్ ఆపి ఉండగా, వైరు దగ్గరి మీట నొక్కి వెనక్కి జరిపి వదిలారు. కార్బురేటర్‌ను చేత్తో పూర్తిగా తెరిస్తే దానంతటదే సరైన చోట ఆగింది. నిమిషం పని! పెట్టెకు ప్రెషర్ గేజ్ తగిలించి, ఇంజిన్ నడుపుతూ వైరు లాగి చూశారు. ముల్లు పైకి లేచింది. అది లేవకపోతే బండి గేటు దాటకూడదు.

ఆదివారం సాయంత్రం... ఒకటి. రెండు. మూడోది పడిందో లేదో తెలియనంత మెత్తగా పడింది. ఇంజిన్ చప్పుడు తగ్గితే గానీ కుర్రాడికి అర్థం కాలేదు. తిరిగొచ్చాక ఇంజిన్ నడుస్తుండగా, గేరు పార్కులో పెట్టి పుల్ల తీసి చూశారు. ఎర్రటి ఆయిల్. మాడు వాసన లేదు.

1993 నుంచి ఈ గేర్‌బాక్సు స్థానంలోకి వచ్చిన 4ఎల్60ఈలో ఆ వైరు లేదు. ఒత్తిడి సంగతి కంప్యూటరే చూసుకుంటుంది. అయినా మేస్త్రీల ప్రశ్న మాత్రం మారలేదు. విజయవాడ ఆటోనగర్లో లారీ గేర్‌బాక్సు విప్పే మేస్త్రీ అడిగేదీ అదే. పాడైనదాన్ని మార్చడం సగం పని. అది ఎందుకు పాడైందో కనుక్కుంటేనే పని పూర్తయినట్టు.

ఆ వడ్రంగి గ్యారేజీ గోడకు ఇప్పుడొక మేకు ఉంది. దానికి నల్లగా మాడిన ప్లేటు ఒకటి వేలాడుతోంది. కిందే ఓ మూల... కప్పు కేకుల ట్రే!